గిద్దలూరు టు కన్యాకుమారి, ఒకే ట్యాంకు

18 జనవరి 2026, ఆదివారం

కారు వచ్చింది. నా కారు. అరవై రెండేళ్ళ వయసులో నా పేరు మీద ఆర్‌సీ. మూడుసార్లు చదువుకున్నాను.

తెల్లది. హైబ్రిడ్. పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. ఎప్పుడు ఏది వాడాలో అదే చూసుకుంటుంది. బ్రేకు నొక్కినప్పుడు, దిగుడులో దిగేటప్పుడు బ్యాటరీ తనంతట తనే నిండుతుంది. ప్లగ్ పెట్టే పనే లేదు. ఈ ముక్క పొద్దుటి నుంచి ఇరవై మందికి చెప్పాను. అయినా మా ఆయన పుల్లయ్య వంటింట్లోంచి వైరు లాగి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. యాడ గుచ్చాల అని అడిగాడు.

పూజ దగ్గర ఇంకో తమాషా. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. ఆయన టెంకాయ కొట్టి, స్టార్ట్ చెయ్ మరి, ఏంది ఇంకా ఆలస్యం అని అరుస్తూనే ఉన్నాడు. నేను ఎప్పుడో స్టార్ట్ చేశాను. చప్పుడు లేదంతే. కారు కదిలి నిమ్మకాయలు టప్‌మన్నాక గానీ ఎవరికీ తెలియలేదు. అందరూ ఒక్కసారి వెనక్కి గెంతారు.

బుడే సాహెబ్ అన్న కూడా వచ్చాడు, షాహిదాబీ వదినను వెంటబెట్టుకుని. అన్న ఆర్టీసీ డ్రైవరు, నేను కండక్టరు. పదకొండేళ్ళు ఒకే బండిలో చేశాం. నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం. 2012లో నేను ఒంగోలు సర్వీసుకు మారాను. అన్న రిటైరై ఎనిమిదేళ్ళయింది, నేను మొన్న అక్టోబరులో దిగాను. అన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగి బానెట్ మీద చెవి ఆనించాడు. చప్పుడు లేని బండిని ఎట్ల తోలేదమ్మా, గేరు ఎప్పుడు మార్చాలో ఎవురు చెప్తారు అన్నాడు. గేర్లే లేవన్నాను. నన్ను జాలిగా చూశాడు.

మైలేజీ ఇరవై మూడు దాకా వస్తుందట అన్నాను. అక్కడ మొదలైంది గొడవ.

మా డిపోలో కేఎంపీఎల్‌ను మించిన మాట లేదు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్క. ఎక్కువ తెచ్చిన డ్రైవరుకు ఆగస్టు పదిహేనున స్టేజీ మీద సర్టిఫికెట్ ఇస్తారు. నేను ఆ బండిలో ఉండగా అన్నకు నాలుగుసార్లు వచ్చింది. 5.92. అన్నకు తన పెళ్ళిరోజు గుర్తుండదు గానీ ఆ నంబరు గుర్తుంటుంది. నాలుగుసార్లూ నేను స్టేజీ కింద నిలబడి చప్పట్లు కొట్టాను. మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు.

ఈరోజు నోరు జారాను. జారలేదు, కావాలనే అన్నాను. ఆ 5.92లో సగం నాదన్నా అన్నాను. స్టాపు రాకముందే దిగేవాళ్ళను మూటలతో సహా డోరు దగ్గరికి తెచ్చి నిలబెట్టింది ఎవరు? నాలుగుచోట్ల చేతులెత్తే జనాన్ని కేకేసి ఒక్కచోటికి రప్పించి ఎక్కించింది ఎవరు? బండి ఆగి కదిలేటప్పుడే కదా డీజిలు తాగేది?

అన్న పగలబడి నవ్వాడు. డీజిలు నా కాలి కింద ఉంటది, నీ సంచిలో కాదమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా. ఆయన్ని వదిలిపెట్టను.

20 జనవరి

రెండు రోజులైంది. ఆ నవ్వు ఇంకా చెవిలోంచి పోలేదు.

21 జనవరి, బుధవారం

పందెం కట్టాను.

కన్యాకుమారి. ఫోనులో చూస్తే 1012 కిలోమీటర్లు. నా ట్యాంకు నలభై ఐదు లీటర్లు. గిద్దలూరులో ఫుల్ చేయించి, దారిలో చుక్క పెట్రోలు పోయించకుండా కన్యాకుమారి చేరాలి. స్టీరింగ్ నాది. చేరితే, ఆ 5.92లో సగం ఝాన్సీది అని అన్న నోటితో చెప్పాలి. చేరకపోతే నేను జన్మలో కేఎంపీఎల్ మాట ఎత్తకూడదు, రిటర్న్ మొత్తం అన్నే తోలతాడు. ఇంకో షరతు అన్న పెట్టాడు. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతుందో కారే చూపిస్తుంది కదా, ఆ రేంజ్ సున్నా అయితే ఆట ఐపోయినట్టే, బండిని ఎండబెట్టి తోలడం పాపం అన్నాడు.

ఎందుకు కన్యాకుమారి అని వదిన అడిగింది. ఇరవై ఏడేళ్ళు రోజూ తిరిగాను, ఎక్కడికీ పోలేదు. ప్రతి స్టాపు, ప్రతి స్పీడ్ బ్రేకరు కళ్ళు మూసుకుని చెప్తాను. తర్వాత ఏ ఊరు వస్తుందో తెలియని రోడ్డు మీద పోవాలి నాకు. రోడ్డు అయిపోయేదాకా పోవాలి. వదిన రంజాన్ లోపల తిరిగి రావాల అని మాత్రం అంది. అంటే వస్తున్నట్టే.

పుల్లయ్య రాడు. మిరప కోతలంటాడు. అసలు సంగతి, ఆయనకు బస్సెక్కితే వాంతులు. కండక్టరును చేసుకున్న మగవాడికి రావాల్సిన జబ్బే.

25 జనవరి, ఆదివారం

దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ దాకా ప్రాక్టీసు. నేను తోలుతున్నాను, అన్న పక్క సీట్లో. కుడికాలితో ఫ్లోరు మీద లేని బ్రేకు నొక్కుతూనే ఉన్నాడు. చెయ్యి గేరు రాడ్డు కోసం వెతుకుతుంది, దొరక్క తొడ మీద వాలుతుంది.

దిగుడు వచ్చింది. న్యూట్రల్ కొట్టు అన్నాడు. బస్సులో తనలో తాను అనుకున్నట్టే, ఒక్క మాట. నా చెయ్యి దానంతటదే పోయి మీటను N లో, అంటే న్యూట్రల్‌లో పెట్టింది. పదకొండేళ్ళు విన్న గొంతు మరి. ఘాట్‌లో బండిని న్యూట్రల్‌లో వదలడం అన్న రహస్యం. రూల్సు ఒప్పుకోవు. డిపోలో సగం మంది డ్రైవర్లకు అదే విద్య.

కారు రాయి దొర్లినట్టు దొర్లింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కిందికి వచ్చి చూస్తే బ్యాటరీ గీతలు రెండే మిగిలాయి. ఇంజను గుర్రుమని లేచి పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. ఘాట్ అంతా దిగి ఒక్క గీత కూడా సంపాదించలేదు.

ఇంటికొచ్చి కారు పుస్తకం తీశాను. కండక్టరుకు రూల్సు చదివే జబ్బు ఉంటుంది. N లో ఉంటే బ్యాటరీ ఛార్జ్ కాదు అని స్పష్టంగా రాసి ఉంది. తీసుకెళ్ళి అన్నకు చూపించాను. ఈ పుస్తకం రాసినోడు మన ఘాట్ చూడలే అన్నాడు.

2 ఫిబ్రవరి, సోమవారం

సామాన్లు. వదిన రెండు గిన్నెల బిర్యానీ, చాపలు, రెండు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు తెచ్చింది. అన్న అన్నీ దించేశాడు. బరువు పెరిగితే కేఎంపీఎల్ పడిపోతది, చాపలు ఎందుకు, నీళ్ళు ఒక క్యాను చాలు అని రోడ్డు మీద నిలబడి రంకెలు వేశాడు. టైర్ల గాలి తనే చెక్ చేశాడు. అంతా అయ్యాక తను నాకు వ్యతిరేకంగా పందెం కట్టినట్టు గుర్తొచ్చి, ఒక చాప మళ్ళీ లోపల పెట్టాడు.

రేపే! బట్టలు మూడుసార్లు సర్దాను.

3 ఫిబ్రవరి, మంగళవారం. పొద్దున 5:40

ఫుల్ ట్యాంకు. ట్రిప్ మీటర్ సున్నా. రేంజ్ 985 చూపిస్తోంది. కావాల్సింది 1012. బయలుదేరకముందే ఇరవై ఏడు తక్కువ! అన్న ఆ నంబరు చూసి మీసం దువ్వాడు. బాగా తోలితే రేంజ్ పెరుగుతుందన్నాను. ఎప్పుడైనా ట్యాంకులో డీజిలు పెరగడం చూసినావా అన్నాడు.

ఇంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

9:50, కడప

సిగ్గుగా ఉంది కానీ రాయాలి. మూడుసార్లు ఆపాను.

పోరుమామిళ్ళ దాటాక రోడ్డు పక్కన ఎవరో చెయ్యి ఎత్తారు. నేను అనుకోలేదు, కాలు ఆపింది. అద్దం దించి ఎక్కడికి అని అడిగాను కూడా. ఇది నీ సొంత కారమ్మా, పల్లెవెలుగు కాదు అని అన్న నెత్తి కొట్టుకున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఇద్దరు ముసలివాళ్ళు, మైదుకూరు ఆసుపత్రికట. ఎక్కించుకున్నాను. దిగేటప్పుడు వందనోటు తీశారు. నా నోట్లోంచి చిల్లర లేదమ్మా అని వచ్చేసింది. వదిన నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

ఆపిన ప్రతిసారీ రేంజ్ కిందికి. ఇంకో చెయ్యి కనపడితే కళ్ళు మూసుకో అన్నాడు అన్న. డ్రైవరు కళ్ళు మూసుకుంటే ఎట్లన్నా అన్నాను.

సాయంత్రం 6:30, వేలూరు

ఈరోజు జరిగింది రాయడానికి చెయ్యి తొందరపడుతోంది.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు రేంజ్ దారుణంగా పడిపోయింది. ఎక్కుడు కదా. రాయచోటిలో టీ తాగేటప్పుడు అన్న నాకు బిస్కట్ ప్యాకెట్ కొనిచ్చాడు, ఓదార్పు కోసం. ఒళ్ళు మండింది.

పీలేరు దాటాక దిగుళ్ళు వచ్చాయి. న్యూట్రల్ అన్నాడు. సరే, ఇక్కడే తేల్చుకుందామన్నాను. మొదటి దిగుడు అన్న చెప్పినట్టు N లో దింపాను. గీతలు ఎక్కడివి అక్కడే. రెండో దిగుడు మామూలుగా తోలే D లోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాను. స్క్రీన్ మీద చక్రాల నుంచి బ్యాటరీకి పచ్చ బాణాలు పరుగెత్తాయి. ఒక గీత పెరిగింది. ఇంకోటి. దిగుడు అయిపోయేసరికి నిండా ఉంది. ఆ తర్వాత చదును రోడ్డు మీద చాలాసేపు ఇంజను లేవనే లేదు. చప్పుడు లేకుండా, చుక్క తాగకుండా పోయాం.

అన్న స్క్రీన్‌నే చూస్తూ ఉన్నాడు. ఏంటన్నా అంటే, దిగేటప్పుడు తాగకుండా ఉండే బండిని చూసినా గానీ దిగేటప్పుడు సంపాదించే బండిని ఇప్పుడే చూస్తుండా అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు. నలభై ఏళ్ళు ఎన్ని ఘాట్లు ఊరికే దిగినానో అని బాధపడ్డాడు కూడా.

ఇప్పటికి 331 కిలోమీటర్లు. మిగిలిన రేంజ్ 668. కలిపితే 999. పొద్దున 985 ఉండేది. పెరిగింది!

పుల్లయ్య ఫోను చేశాడు. తిన్నావా అని అడగలేదు. ఛార్జింగ్ పెట్టినావా అని అడిగాడు.

4 ఫిబ్రవరి, బుధవారం. సాయంత్రం, తిరుచ్చి

తిరువణ్ణామలై కొండ కుడి పక్క కనపడి, చాలాసేపు మాతోనే ఉండి, వెనక్కి పోయింది. ఆ తర్వాత బోర్డుల మీద ఊళ్ళ పేర్లు ఒక్కటీ వినలేదు. ముందు ఏ ఊరో తెలియదు. ఎవరు ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో తెలియదు. పాటలు పాడాను. వినేవాళ్ళు ఇద్దరే కాబట్టి గట్టిగానే పాడాను.

అన్న మారిపోయాడు. ముందు లారీ స్లో అవుతాంది, ఇప్పుడే కాలు తీయి. సిగ్నలు పడతాంది, బ్రేకు మెత్తగా, మెత్తగా. పచ్చ, పచ్చ, అట్లనే. దారంతా ఇదే. నేను ముందుకు చూస్తే అన్న స్క్రీన్ చూస్తాడు. బస్సులో ఉన్నప్పుడు కూడా ఇంత బాగా జోడీ కుదరలేదు. గంటకొకసారి పందెం గుర్తొచ్చి మూతి ముడుస్తాడు, పచ్చ బాణం కనపడగానే మర్చిపోతాడు.

కేఎంపీఎల్ కోసం ఏసీ ఆపేశాం. ఉళుందూర్‌పేట దగ్గర వదినకు కోపం వచ్చింది. మీ ఇద్దరి పందేనికి నన్నేంది ఇడ్లీ లెక్క ఉడకబెడతాండారు అని, కొంగుతో విసురుకుంటూ అన్నను ఉర్దూలో, నన్ను తెలుగులో తిట్టింది. అరగంట ఏసీ వేశాం. రేంజ్ మూడు పడింది. నిన్న బిర్యానీ పెట్టింది కాబట్టి క్షమించాం.

641 అయింది. మిగిలింది 392. కలిపితే 1033. గెలుస్తున్నాను! లాడ్జి మెట్లు రెండేసి ఎక్కాను, మోకాలు పట్టేసింది.

5 ఫిబ్రవరి, గురువారం. పొద్దున 11:00

మదురై దాటాం. ఎదురుగాలి. రేంజ్ మెల్లగా తినేస్తోంది.

మధ్యాహ్నం 1:20, తిరునెల్వేలి బయట

రేంజ్ 90. కన్యాకుమారి 85. చేతిలో ఐదు కిలోమీటర్లు. అన్న చాపను రోడ్డు పక్క చెట్టు కింద పెట్టేసి వచ్చాడు. ఒక మనిషికి పనికొస్తదిలే అన్నాడు. ఏ పక్షం అన్నా నువ్వు అని అడిగితే, నోరు మూసుకుని తోలు అన్నాడు.

సాయంత్రం 6:15, కన్యాకుమారి

వచ్చేశాం. ఓడిపోయాను. వరసగా రాస్తాను.

నాంగునేరి దాటాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. గాలిమరలు వందల కొద్దీ తిరుగుతున్నాయి. బస్టాపులో ఒక ముసలామె, పక్కన తాటాకు బుట్టల మోపు. మోపు ఆమెకంటే ఎత్తుంది. చెయ్యి ఎత్తింది. ఆపాకమ్మా, చూడాక, ముందుకు చూడు అన్నాడు అన్న. చూడలేదు. దాటేశాను. యాభై గజాలు పోయాక అద్దంలో చూశాను. చెయ్యి ఇంకా దించలేదు.

రాని బస్సు కోసం నిలబడ్డ మనిషి ముఖం నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళు ఆ ముఖాలే నన్ను తిట్టాయి, ఆ ముఖాలే నన్ను చూసి నవ్వాయి. రివర్సు తీశాను. అన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆమెకు తెలుగు రాదు, మాకు తమిళం రాదు. మణికట్టు చూపించి, ఖాళీ అరచెయ్యి చూపించింది. పొద్దుటి నుంచి బస్సు లేదని. పక్క రోడ్డు చూపించింది. ముందుకు, ఇంకా ముందుకు అని చెయ్యి ఊపుతూనే ఉంది. ఏడు కిలోమీటర్లు గుంతల రోడ్డు. తిరిగి ఏడు. మొత్తం పద్నాలుగు. ఆమె దిగి, వదినకు ఒక బుట్ట ఇచ్చి, నా బుగ్గ పట్టుకుని ఏదో అంది.

కన్యాకుమారి 9 అని బోర్డు. అక్కడ రేంజ్ సున్నా అయింది.

ఐదు మిగలాల్సింది. పద్నాలుగు పోయింది. తొమ్మిది తక్కువ. లెక్క ఇంత తేటగా ఉంటే ఏడవడానికి కూడా ఏమీ ఉండదు. పెట్రోలు బంకులోకి తిప్పాను. ఇంక జన్మలో ఆ మాట ఎత్తనన్నా అన్నాను. నవ్వాలని చూశాను, రాలేదు. తొమ్మిది కిలోమీటర్లు! ఒంగోలు బస్టాండులో రివర్సు తీసుకునేంత దూరం అది నాకు.

పెట్రోలు పోసేలోపు అన్న గాలి పట్టే చోటు దగ్గర దిమ్మె మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. ఓడినావు గాబట్టి నువ్వు మాట్లాడకూడదు, నేను మాట్లాడొచ్చు గదా అన్నాడు.

నువ్వు ఒంగోలు బండికి పోయినంక నేను ఆరేళ్ళు తోలినానమ్మా అన్నాడు. అదే బండి, అదే రోడ్డు, అదే కాలు. ఐదు పాయింట్ నాలుగు దాటలే. ఒక్క సంవత్సరం గూడా దాటలే. కండక్టర్లు నలుగురు మారినారు. ఒకడు జనాన్ని ఎక్కించుకోడు, ఒకడు ప్రతి గడప కాడా ఆపుతాడు. నువ్వు ఎవుర్నీ వదిలిపెట్టేదానివి కాదు, అయినా ఆ నంబరు వచ్చింది. ఎట్ల వచ్చిందో నాకు మొదటి నెలలోనే అర్థమైంది. చెప్తే నా సర్టిఫికెట్లు సగమైపోతాయని చెప్పలే. ఇయ్యాల నువ్వు ఆ ముసలామెను ఎక్కించుకోకుండా గెలిచింటే, నేను చెప్పేవాణ్ణే గానీ మనసొప్పి చెప్పేవాణ్ణి కాదు అన్నాడు.

సగం కాదమ్మా, సగం కంటే ఎక్కువే నీది అన్నాడు.

వదిన కారు అద్దం దించుకుని అంతా వింటోంది. నేను ఏడ్చేశాను. బంకులో, అంతమంది ముందు. ఇంత సంతోషం తట్టుకోవడం తెలియక.

అంతటితో ఆపితే బాగుండేది. అన్న ఇంకో మాట అన్నాడు. నిన్ను నా బండి మీద నుంచి తీసేసింది పైవాళ్ళు గదా, ఆ కోపంతో నేను మూడు నెలలు ఆఫీసులో ఎవురికీ నమస్తే గూడా పెట్టలే అన్నాడు.

ఎవరూ తీసేయలేదు. ఎవరికీ చెప్పని ముక్క ఇది, ఇక్కడ రాస్తున్నాను. నాలుగో సర్టిఫికెట్ ఇచ్చిన రోజు సాయంత్రమే ఇంటికొచ్చి, కోపంతో, నన్ను ఆ బండి నుంచి మార్చమని అప్లికేషన్ రాశాను. కారణం నడుం నొప్పి అని పెట్టాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. అన్న అడిగితే పైవాళ్ళు మార్చారన్నాను.

బంకులో చెప్పాల్సింది. నోరు రాలేదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

రోడ్డు అయిపోయింది. ముందు నీళ్ళు. వదిన చీర తడిసేదాకా నిలబడి, అలలు వచ్చినప్పుడల్లా కేకలు పెట్టింది. అన్న జుమ్మా నమాజుకు పోయి వచ్చాడు. లాడ్జి వాడికి, టీ కొట్టు వాడికి, ఫోటోలు తీసే అతనికి, అందరికీ నన్ను చూపించి, ఈమె మా డ్రైవరు అని చెప్తున్నాడు. వెయ్యి కిలోమీటర్లు, ఒకే ట్యాంకు అంటాడు. ఆ తొమ్మిదీ చెప్పడు.

చెప్పిన ప్రతిసారీ నాకు సంతోషం పొంగుతోంది. ఆ వెంటనే సిగ్గు. ఇంత ఒప్పుకున్న మనిషి దగ్గర నేనేం దాచుకున్నాను?

7 ఫిబ్రవరి, శనివారం

రిటర్న్. అన్న తోలుతున్నాడు. చెప్పలేదు.

8 ఫిబ్రవరి, ఆదివారం

చెప్పలేదు. ఏసీ ఫుల్లుగా వేసుకుని వదిన నిద్రపోయింది. పుల్లయ్య ఫోను: ఛార్జింగు ఎంతుంది అని.

9 ఫిబ్రవరి, సోమవారం. సాయంత్రం 4:10, ఘాట్ కింద టీ దుకాణం

గువ్వలచెరువు ఘాట్ పైన చెప్పేశాను. బండి మార్చమని అడిగింది నేనేనన్నా, నడుం నొప్పి అబద్ధం అని.

అన్న కారు పక్కకు తీసి ఆపాడు. వెనక నుంచి వదిన అరిచింది. ఆ నడుముకని మూడు నెలలు ఆముదం కాచి పంపితిని గదే ఝాన్సీ అని. అన్న దిగాడు. ముందు నుంచి నడిచి వచ్చి నా డోరు తీశాడు. పందెం ప్రకారం రిటర్న్ మొత్తం అన్నే తోలాలి.

నువ్వు తోలమ్మా, నాకు నిద్ర వస్తాంది అన్నాడు.

సీటు వెనక్కి వాల్చుకున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు, కుడికాలు లేని బ్రేకును వెతకలేదు. మొదటి మలుపు తిరిగేలోపు గురక. ఘాట్ మొత్తం నేనే దింపాను.

అన్న కోసం తీసుకున్న టీ చల్లారిపోతోంది. లేపబుద్ధి కావడం లేదు.